మీరు లేకపోయినా నడుస్తుందా?

ఇంటర్వ్యూ గదిలో ఉన్నారనుకోండి. రామచంద్రపురంలో బస్సెక్కి, కాకినాడలో రాత్రి రైలు పట్టుకుని, తెల్లారేసరికి హైదరాబాద్‌లో దిగారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫైలు, సంచిలో ల్యాప్‌టాప్. ఫైనలియర్ ప్రాజెక్టు చూపించమన్నారు. హాస్టల్ మెస్ లెక్కలు చూసే వెబ్‌సైట్ అది. పైథాన్‌లో రాశారు, వెనక డేటాబేస్ ఉంది, పేజీ చక్కగా తెరుచుకుంది. ఎదురుగా కూర్చున్నాయన తల ఊపాడు. "బాగుంది. ఇప్పుడు మెషీన్ ఒకసారి రీస్టార్ట్ చెయ్యండి" అన్నాడు.

చేశారు. మెషీన్ లేచింది. పేజీ మాత్రం తెరుచుకోలేదు.

"ఇందాకటి దాకా నడిచిందండీ. మళ్లీ టెర్మినల్ తెరిచి కమాండ్ కొట్టాలండి" అన్నారు మీరు.

"రాత్రి రెండు గంటలకు సర్వర్ రీస్టార్ట్ అయితే ఎవరు కొడతారు?"

ఇది ఊహించి చెప్పిన సన్నివేశమే. కానీ ఆ ప్రశ్న మాత్రం ఊహ కాదు. సర్వర్లతో బతికే ఏ కంపెనీకైనా రోజూ ఎదురయ్యే ప్రశ్న అది. ప్రోగ్రామ్ రాయడం ఒక పని. మనం పక్కన లేకుండా అది నడిచేలా నిలబెట్టడం ఇంకో పని. మన కాలేజీల్లో మార్కులన్నీ దాదాపుగా మొదటిదానికే పడుతున్నాయి. రెండోది ఎవరూ నేర్పరు, ఎవరూ అడగరు. ఉద్యోగంలో చేరాక మాత్రం మొదటి నెలలోనే అడుగుతారు. ఈ ఖాళీని పూడ్చుకోవడం పెద్ద ఖర్చుతో కూడిన పనేం కాదు. వారం రోజుల సాధన చాలు. ఆ సంగతే ఇవాళ మాట్లాడుకుందాం.

ఆటో స్టార్టర్ తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు

కంప్యూటర్‌లో మన కళ్లకు కనపడకుండా వెనకాల నడిచే ప్రోగ్రామ్‌లను బ్యాక్‌గ్రౌండ్ సర్వీసులు అంటారు. లినక్స్ వాళ్లు డీమన్‌లు అని కూడా అంటారు. వెబ్‌సైట్ పేజీలు అందించేది ఒక సర్వీసు. డేటాబేస్ ఒక సర్వీసు. దూరం నుంచి లాగిన్ అవ్వనిచ్చేది ఒకటి, గడియారం సరిచేసేది ఒకటి. మెషీన్ లేవగానే వీటిలో ఏది మొదలవ్వాలి, ఏది ముందు, ఏది తర్వాత, మధ్యలో పడిపోతే ఏం చెయ్యాలి అని చూసుకునే పెద్దమనిషి ఇంకొకటి ఉంటుంది. ఇప్పుడు ఎక్కువ లినక్స్ మెషీన్లలో ఆ పెద్దమనిషి పేరు సిస్టమ్‌డి. దానికి మనం పనులు చెప్పే కమాండ్ సిస్టమ్‌సీటీఎల్. ఇంగ్లిష్‌లో సిస్టమ్ అనే మాటకు సి, టి, ఎల్ అక్షరాలు కలిపి రాస్తారు.

ఇది ఎలా పనిచేస్తుందో మన రైతులకు ఎప్పుడో తెలుసు. రామచంద్రపురం చుట్టూ కాలువ నీళ్లే ఎక్కువ కానీ, కాస్త మెట్ట వైపు వెళ్తే బోర్లే ఆధారం. కరెంటు ఏ వేళకు వస్తుందో తెలియని రోజుల్లో రైతులు మోటారుకు ఆటో స్టార్టర్ పెట్టుకునేవారు. రాత్రి ఏ వేళకు కరెంటు వచ్చినా మోటారు తనంతట తానే తిరుగుతుంది. రైతు చీకట్లో, పాముల మధ్య పొలానికి వెళ్లక్కర్లేదు.

ఇక్కడే తేడా గమనించండి. రైతు వెళ్లి పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది. అది ఇప్పటికి మాత్రమే. కరెంటు పోతే ఆగిపోతుంది, వచ్చినా తిరగదు. ఆటో స్టార్టర్ పెడితే ఇకపై కరెంటు వచ్చినప్పుడల్లా తిరుగుతుంది. సిస్టమ్‌సీటీఎల్‌లో స్టార్ట్ అంటే పచ్చ బటన్. ఎనేబుల్ అంటే ఆటో స్టార్టర్. స్టార్ట్ చేసి ఎనేబుల్ చెయ్యకపోతే ఇవాళ నడుస్తుంది, రీస్టార్ట్ తర్వాత నడవదు. ఎనేబుల్ చేసి స్టార్ట్ చెయ్యకపోతే రేపు నడుస్తుంది, ఇవాళ నడవదు. రెండూ ఒకేసారి కావాలంటే ఎనేబుల్‌కు 'నౌ' అనే ఆప్షన్ జత చెయ్యాలి.

స్టేటస్ అని అడిగితే సిస్టమ్‌డి ఈ రెండు ప్రశ్నలకూ వేర్వేరు వరుసల్లో జవాబు ఇస్తుంది. 'లోడెడ్' అనే వరుసలో ఎనేబుల్డ్ అనో డిసేబుల్డ్ అనో ఉంటుంది. 'యాక్టివ్' అనే వరుసలో నడుస్తోందా, ఆగిందా, ఫెయిల్ అయిందా అన్నది ఉంటుంది. కొత్తవాళ్లు రెండో వరుసలో పచ్చ రంగు చూసి సంతోషించి లేచిపోతారు. మొదటి వరుస కూడా చదివినవాడే రాత్రి నిద్రపోగలడు.

పాత నోట్సు, కొత్త మెషీను

ఈ పని ఎప్పుడూ ఇలాగే లేదు. ఒకప్పుడు లినక్స్ మెషీన్ లేచేటప్పుడు చిన్న చిన్న స్క్రిప్టులు వరుసగా ఒకదాని తర్వాత ఒకటి నడిచేవి. ఏది ముందో చెప్పడానికి ఫైళ్ల పేర్లలో అంకెలు వేసేవారు. రెడ్‌హ్యాట్ వైపు చెక్‌కాన్ఫిగ్, డెబియన్ వైపు అప్‌డేట్-ఆర్‌సీ.డి లాంటి సహాయ కమాండ్‌లతో ఆ వరుసను సర్దేవారు. 2006లో ఉబుంటు అప్‌స్టార్ట్ అనే కొత్త పద్ధతి తెచ్చింది. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ సిస్టమ్‌డిని ముందుకు తెచ్చారు. 2011లో ఫెడోరా 15, 2014లో రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7, 2015 ఏప్రిల్‌లో డెబియన్ 8, ఉబుంటు 15.04 దాన్నే డిఫాల్ట్‌గా తీసుకున్నాయి. గొడవలు లేకుండా ఏం జరగలేదు. ఒకే ప్రోగ్రామ్ చేతిలో ఇన్ని పనులు పెట్టడమేమిటని పెద్ద వాదనలే నడిచాయి. ఒప్పుకోనివాళ్లు డెబియన్ నుంచి విడిపోయి దేవువాన్ అనే వేరు కుంపటి పెట్టుకున్నారు.

ఈ చరిత్ర ఎందుకంటే, సీనియర్ల దగ్గర్నుంచి చేతులు మారి వచ్చిన నోట్సుల్లో చెక్‌కాన్ఫిగ్ కనిపిస్తే అది పాత కాలందని మీకు తెలియాలి. తెలుసుకుని ఉండటం మంచిదే. కానీ దాన్నే బట్టీ పట్టి ఇంటర్వ్యూకి వెళ్తే మీరు ఈ మధ్య మెషీన్ ముట్టుకోలేదని వాళ్లకు అర్థమైపోతుంది.

తనంతట తాను లేవడం ఎప్పుడూ మంచిదేనా?

ఆటో స్టార్టర్ కథలో రెండో సగం కూడా ఉంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను బతిమాలింది. కరెంటు ఎప్పుడూ ఉంటే మోటారు అవసరం ఉన్నా లేకపోయినా తిరుగుతూనే ఉంటుంది, భూగర్భ జలం అడుగంటిపోతుంది. పైగా కరెంటు పోయి వచ్చిన క్షణంలో ఊళ్లోని మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ఆ భారం ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. బోరులో నీళ్లు లేకపోయినా తిరిగే మోటారు కాలిపోతుంది. సౌకర్యం కోసం పెట్టుకున్నదే నష్టం తెచ్చింది.

సర్వర్లలోనూ అచ్చం ఇదే. సర్వీసు పడిపోతే మళ్లీ లేపమని సిస్టమ్‌డికి చెప్పొచ్చు. యూనిట్ ఫైల్ అనే చిన్న ఫైలులో 'రీస్టార్ట్ ఈక్వల్ టు ఆన్ ఫెయిల్యూర్' అని ఒక్క వరుస రాస్తే చాలు. కానీ డేటాబేస్ పాస్‌వర్డ్ తప్పుగా ఇచ్చి ఈ వరుస రాశారనుకోండి. లేస్తుంది, పడుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. డిఫాల్ట్‌గా లేపే ముందు సిస్టమ్‌డి ఆగేది సెకనులో పదో వంతు మాత్రమే. పది సెకన్లలో అయిదుసార్లు లేపి చూసి, ఇక నా వల్ల కాదని వదిలేస్తుంది. అప్పుడు స్టేటస్‌లో ఫెయిల్డ్ అని ఎర్రగా కనిపిస్తుంది. దీన్ని తిట్టుకోవద్దు. నీళ్లు లేని బోరులో మోటారును ఆపేసే రక్షణ లాంటిది అది. మీరు చెయ్యాల్సింది మళ్లీ మళ్లీ లేపడం కాదు, బోరులో నీళ్లు ఎందుకు లేవో చూడటం.

ఎందుకు అని చూపించేది జర్నల్‌సీటీఎల్ అనే ఇంకో కమాండ్. దానికి 'యూ' ఆప్షన్‌తో సర్వీసు పేరు ఇస్తే ఆ సర్వీసు చెప్పుకున్న గోడంతా వినిపిస్తుంది. 203 అనే అంకె కనిపిస్తే, నడపమని చెప్పిన ఫైలు అక్కడ లేదనో, దాన్ని నడిపే అనుమతి లేదనో అర్థం. ఒక్క అంకెతో గంట వెతుకులాట తప్పుతుంది. చాలామంది కుర్రాళ్లు ఈ వరుసలు చదవకుండానే ఎర్ర రంగు చూసి భయపడి మెషీన్ మొత్తం రీస్టార్ట్ చేస్తారు. ఉద్యోగంలో అది చాలా ఖరీదైన అలవాటు.

ఎంత ఖరీదైనదో 2024 జులై 19న ప్రపంచం చూసింది. క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ సాఫ్ట్‌వేర్ విండోస్ మెషీన్ లేచేటప్పుడే తానూ లేస్తుంది. దానికి పంపిన ఒక అప్‌డేట్‌లో తప్పు దొర్లింది. మెషీన్ లేవగానే ఆ తప్పు ఫైలు చదవడం, నీలి తెర వేసుకుని పడిపోవడం, మళ్లీ లేవడం, మళ్లీ పడటం. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల మెషీన్లు ఇలా ఇరుక్కున్నాయి. ఆ రోజు శంషాబాద్‌లో విమానం ఎక్కిన ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. అప్‌డేట్‌ను కంపెనీ గంటన్నర లోపే వెనక్కి తీసుకుంది. అప్పటికే పడిపోయిన మెషీన్లలో చాలావాటిని మాత్రం మనుషులే ఒక్కొక్కటిగా సేఫ్ మోడ్‌లో లేపి, ఆ ఫైలు తీసెయ్యాల్సి వచ్చింది. తనంతట తాను మొదలయ్యేదాన్ని ఆపడం కూడా తెలిసి ఉండాలన్నది ఆ రోజు నేర్పిన పాఠం. ఆ రోజు ఎంత పెద్ద డిగ్రీ ఉన్నవారికన్నా, మెషీన్ లేచే వరుస తెలిసినవారికే విలువ.

తూము ఎత్తితే చాలదు

కొత్తవాళ్లు తడబడే ఇంకో రెండు చోట్లున్నాయి.

ఒకటి, వరుస. ధవళేశ్వరంలో కాలువకు నీళ్లు వదలకుండా మన పొలం దగ్గర తూము ఎత్తితే ఏం లాభం? డేటాబేస్ లేవకముందే మీ వెబ్‌సైట్ లేస్తే అలాగే ఉంటుంది. యూనిట్ ఫైల్‌లో 'ఆఫ్టర్' అని రాస్తే ఫలానాదాని తర్వాత నన్ను లేపు అని. కానీ ఆఫ్టర్ అనేది వరుస మాత్రమే చెబుతుంది. డేటాబేస్‌ను అసలు లేపమని చెప్పదు. అందుకు 'వాంట్స్' గానీ, ఇంకాస్త గట్టిగా 'రిక్వైర్స్' గానీ రాయాలి. ఈ తేడా అడిగితే చెప్పగలిగిన ఫ్రెషర్‌ను ఇంటర్వ్యూ చేసేవాళ్లు మర్చిపోరు.

రెండోది, "నా టెర్మినల్‌లో నడిచింది కదా!" అన్న మాట. టెర్మినల్‌లో మీరు లాగిన్ అయి ఉన్నారు. మీ సెట్టింగులన్నీ అక్కడ లోడ్ అయి ఉంటాయి, మీరు ప్రాజెక్టు ఫోల్డర్‌లో నిలబడి ఉంటారు. సిస్టమ్‌డి మీ ప్రోగ్రామ్‌ను లేపేటప్పుడు అవేవీ ఉండవు. మీ లాగిన్ సెట్టింగుల ఫైలును అది చదవదు. మీరేమీ చెప్పకపోతే అన్నిటికన్నా పైనున్న రూట్ ఫోల్డర్ నుంచి నడుపుతుంది, రూట్ యూజర్ అధికారంతో నడుపుతుంది. అందుకే ఫోల్డర్ ఏదో, ఏ యూజర్ పేరు మీద నడవాలో, పైథాన్ ఎక్కడుందో యూనిట్ ఫైల్‌లో పూర్తిగా రాయాలి. మెస్ లెక్కల వెబ్‌సైట్‌కు మెషీన్ మొత్తం తాళాలు ఇవ్వక్కర్లేదు. దానికోసం అధికారాలు లేని యూజర్‌ను ఒకదాన్ని సృష్టించి ఆ పేరు మీద నడపండి. ఫైలు మార్చిన ప్రతిసారీ 'డీమన్ రీలోడ్' చెయ్యడం మర్చిపోకండి. మర్చిపోతే పాత ఫైలే నడుస్తుంది, మీరు మాత్రం కొత్త ఫైలును తిట్టుకుంటూ కూర్చుంటారు.

ఉద్యోగానికి దీనితో ఏం పని?

లినక్స్ అడ్మినిస్ట్రేటర్, క్లౌడ్ సపోర్ట్, డెవ్‌ఆప్స్, సైట్ రిలయబిలిటీ ఇంజినీర్. పేర్లు ఎన్నున్నా వీటన్నిటి అడుగున ఉన్న పని ఒకటే. సర్వీసులు నడుస్తూ ఉండాలి, పడితే లేపాలి, ఎందుకు పడ్డాయో చెప్పాలి.

రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ పరీక్షనే చూడండి. అందులో నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తు పెట్టడం ఉండదు. మెషీన్ ఇచ్చి పని చేసి చూపించమంటారు. మీరు చేసిన మార్పులన్నీ రీస్టార్ట్ తర్వాత కూడా, ఎవరూ చెయ్యి వెయ్యకుండా నిలిచి ఉండాలని నిబంధనల్లోనే ఉంది. స్టార్ట్ చేసి ఎనేబుల్ మర్చిపోయినవాళ్లు తప్పేది అక్కడే. పని తెలిసి కూడా మార్కు పోతుంది. పరీక్ష రాయాలా వద్దా అన్నది మీ స్తోమతను బట్టి ఆలోచించుకోండి, ఫీజు తక్కువేం కాదు. కానీ ఆ సిలబస్ సాధనకు పైసా ఖర్చు లేదు. ఆల్మా లినక్స్, రాకీ లినక్స్ ఉచితంగా దొరుకుతాయి. కమాండ్‌లు రెడ్‌హ్యాట్‌లో ఉన్నవే.

"ఇప్పుడంతా డాకర్, కుబర్నెటీస్ కదా, ఇవన్నీ ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. మామూలుగా లినక్స్ సర్వర్ మీద డాకర్‌ను లేపేది సిస్టమ్‌డినే. కుబర్నెటీస్‌లో ప్రతి మెషీన్ మీద ఉండే క్యూబ్‌లెట్ కూడా సాధారణంగా ఒక సిస్టమ్‌డి సర్వీసే. పై అంతస్తు ఎంత అందంగా ఉన్నా పునాది చూడటం తెలిసి ఉండాలి. "యూనిట్ ఫైల్ ఏఐ రాసిస్తుంది కదా" అన్నది ఇంకో మాట. రాసిస్తుంది, బాగానే రాస్తుంది. కానీ మీ మెషీన్‌లో ఆ ఫోల్డర్ ఉందో లేదో, ఆ యూజర్‌కు అనుమతి ఉందో లేదో దానికి తెలియదు. ఫెయిల్డ్ అని వచ్చినప్పుడు జర్నల్ చదివి అర్థం చేసుకోగలవాడికే ఏఐ పనిముట్టు. చదవలేనివాడికి అది ఇంకో గందరగోళం.

విశాఖలో గూగుల్ ఏఐ హబ్ గురించి 2025 అక్టోబరులో ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి మన పిల్లల్లో ఆశ పెరిగింది. అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి అన్నారు. సంతోషమే. అయితే ఒక సంగతి దాచకుండా చెప్పుకోవాలి. డేటా సెంటర్ అంటే వేలమంది కూర్చునే ఆఫీసు కాదు. భవనం నిండా మెషీన్లుంటాయి, మనుషులు తక్కువ. ఆ తక్కువమందిలో మనవాళ్లు ఉండాలంటే సర్టిఫికెట్ ఒక్కటే చాలదు. మెషీన్‌ను నమ్మకంగా అప్పగించవచ్చు అనిపించాలి. ఇంకో సంగతి, ఈ ఉద్యోగాల్లో రాత్రి షిఫ్టులుంటాయి, పండగపూట ఫోన్లు వస్తాయి. అది కూడా తెలిసే రండి.

ఒక్క రీస్టార్ట్ చాలు

కాలేజీలకు ఒక విన్నపం. రామచంద్రపురమైనా, అమలాపురమైనా, కాకినాడైనా, ఫైనలియర్ ప్రాజెక్టు వైవా రోజున ఒకే ఒక్క మెట్టు కలపండి. డెమో అయ్యాక మెషీన్ రీస్టార్ట్ చేయించండి. మూడు నిమిషాలు ఆగండి. కుర్రాడు కీబోర్డు ముట్టుకోకుండా ప్రాజెక్టు మళ్లీ తెరుచుకుంటే మార్కులు వెయ్యండి. కొత్త ల్యాబ్ అక్కర్లేదు, నిధులక్కర్లేదు, సిలబస్ కమిటీ కూర్చోనక్కర్లేదు. ప్రాజెక్టు రికార్డులో ఒక్క పేజీ అదనంగా అడగండి. ఇది ఎలా లేస్తుంది, ఏ యూజర్ పేరు మీద నడుస్తుంది, లాగ్‌లు ఎక్కడ చూడాలి, నడిపేటప్పుడు ఏమేం పాడైంది? ఆ పేజీ కొనుక్కొచ్చిన ప్రాజెక్టులో ఉండదు. ఉన్నా, రెండు ప్రశ్నలడిగితే దొరికిపోతుంది.

కాలేజీ కలిపేదాకా ఆగాల్సిన పని మీకు లేదు. విండోస్ ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంటే, విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యుఎస్‌ఎల్ వేసుకోండి. 2022 సెప్టెంబరు నుంచి అందులో సిస్టమ్‌డి కూడా నడుస్తోంది. అసలైన రీస్టార్ట్ పరీక్ష చేసుకోవడానికి మాత్రం వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటునో ఆల్మానో వేసుకుంటే మేలు.

మొదటి రోజు, నడుస్తున్న సర్వీసుల జాబితా తీసి, అందులో పదింటి పని ఏమిటో సొంత మాటల్లో రాయండి. రెండో రోజు, ఒక వెబ్ సర్వర్ వేసి స్టార్ట్, స్టాప్, ఎనేబుల్, డిసేబుల్ ఒక్కోటీ చేసి, ప్రతిసారీ రీస్టార్ట్ చేసి చూడండి. మూడో రోజు, మీ సొంత ప్రాజెక్టుకు యూనిట్ ఫైల్ రాయండి. నాలుగో రోజు దాన్ని కావాలని చెడగొట్టండి. పాస్‌వర్డ్ తప్పు ఇవ్వండి, ఫైలు పేరు మార్చండి, డేటాబేస్ ఆపండి, ప్రతిసారీ జర్నల్ ఏమంటోందో రాసుకోండి. అయిదో రోజు, విండోస్‌లో సర్వీసెస్ పేజీ తెరిచి ఆటోమేటిక్, ఆటోమేటిక్ డిలేడ్, మాన్యువల్, డిసేబుల్డ్ అన్న నాలుగు మాటలూ, రికవరీ అనే ట్యాబూ చూడండి. మీరు నేర్చుకున్నదే అక్కడ ఇంకో వేషంలో కనిపిస్తుంది. ఆరో రోజు, ఇదంతా ఒక పేజీలో రాసి స్నేహితుడి చేతికివ్వండి. మిమ్మల్ని ఏమీ అడగకుండా అతను మీ ప్రాజెక్టును లేపగలగాలి. లేపలేకపోతే ఏడో రోజు ఆ పేజీ తిరగరాయండి.

రెజ్యూమెలో 'లినక్స్ తెలుసు' అని అందరూ రాస్తారు. దాని బదులు 'నా ప్రాజెక్టును సర్వీసుగా మార్చాను, రీస్టార్ట్ తర్వాత దానంతటదే లేస్తుంది, ఫెయిలైన మూడు సందర్భాలను సరిచేశాను' అని రాయండి. అడిగితే ఆ మూడూ చెప్పండి.

అప్పుడు ఆ గదిలో ఎదురుగా కూర్చున్నాయన "రీస్టార్ట్ చెయ్యండి" అన్నా మీకు చెమట పట్టదు. "చెయ్యండి సార్, దానంతటదే లేస్తుందండి" అని మీరే అంటారు.